ఎరుపు నడిచిన వారం

భర్త మూత్రం సీసాను ఆమె అన్నం డబ్బా పక్కనే పెట్టుకుని పనికి తీసుకెళుతుంది. రెండింటికీ మధ్య ఒక తువ్వాలు మడత, ఒక ఐసు ప్యాకెట్టు ఉంటాయి. మొదట్లో సీసాకు వేరే సంచి ఉండేది. బస్సులో నిలబడి రెండు సంచులు మోయలేక మానేసింది.

ఆమె పని ఆస్పత్రి ల్యాబులో. మూత్రంలో రాలిపడిన కణాలను మైక్రోస్కోపు కింద చూసి, వాటిలో క్యాన్సర్ కణాలు ఉన్నాయేమో వెతుకుతుంది. అనుమానం కలిగిన కణం పక్కన గాజు మీద సిరా చుక్క పెడుతుంది. చుక్కలున్న స్లైడ్లు డాక్టరు బల్ల మీదికి వెళతాయి. చూసి సంతకం పెట్టేది డాక్టరు.

భర్త పనిచేసేది రంగుల మిల్లులో. బట్ట తానులను రంగు తొట్లలోకి దించడం, తీయడం. రంగు పొడి ముక్కులోకి పోతుంది. చేతులకు అంటుతుంది, తువ్వాళ్ళకు అంటుతుంది, దిండు గలీబులకు కూడా అంటుతుంది. మిల్లు వాళ్ళకు మూత్రం రంగు మారడం వింత కాదు. మరుగుదొడ్లోంచి బయటికొచ్చి, తొట్లలో ఏ రంగు ఆర్డరు నడుస్తోందో చెప్పడం అక్కడి పాత జోకు.

అతని రోగం బయటపడింది ఆ జోకు వల్లే. ఒకరోజు అతను బయటికొచ్చి, "ఎరుపు మొదలైందిరోయ్" అన్నాడు. పక్కవాడు, "ఎరుపెక్కడిది? నెల నుంచీ నీలమేగా తొట్టిలో" అన్నాడు. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి మాత్రం ఇంకో వారం పట్టింది.

మూత్రాశయంలో గడ్డ ఉందన్నారు. గొట్టం పంపి లోపల్నుంచే గీకి తీశారు. అది మళ్ళీ వచ్చింది. మళ్ళీ తీశారు. తరువాత క్షయ టీకాకు వాడే మందును విడతలు విడతలుగా మూత్రాశయంలోకి ఎక్కించడం మొదలుపెట్టారు. ప్రతి మూడు నెలలకూ మూత్రం పరీక్ష చేయించాలని చెప్పారు. ఇంకోసారి వస్తే మూత్రాశయాన్నే తీసేసి, పొట్టకు రంధ్రం చేసి, దానికో బ్యాగు తగిలిస్తామని ఆపరేషను చేసిన సర్జను అన్నాడు. భర్త చెవిన పడ్డది బ్యాగు అనే మాట ఒక్కటే. ఆ తరువాత సర్జను చెప్పినవన్నీ ఆమె ఇంటికొచ్చి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. అప్పుడూ అతను వినలేదు.

"పొట్టకు సంచి కట్టుకుని తొట్టి మీదికి ఎలా వంగుతానే?" అన్నాడు. తరువాత ఆ మాట ఎత్తలేదు.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆమె, భర్త, మరిది. మరిది మేడ మీది గదిలో ఉంటాడు, అన్నం కింద తింటాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "మా అన్నయ్య చేసుకున్నాడుగా, ఇంటికి ఒకరు చాలు" అంటాడు. అన్నకు ఒంట్లో బాగాలేని రోజుల్లో అతని బదులు షిఫ్టుకు వెళ్ళీ వెళ్ళీ మిల్లులో కుదురుకున్నాడు. బదులుకొచ్చినవాడని మిల్లులో అతన్ని బదిలీ అనే పిలుస్తారు. అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకు కూడా వెంటనే గుర్తురాదు.

మళ్ళీ పరీక్ష వచ్చిన రోజు పొద్దున ఆమె వంటగదిలో ఉంది. భర్త మేడ మీదికి వెళ్ళి తమ్ముణ్ణి లేపి వస్తానన్నాడు. వచ్చి స్నానాల గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

"అయిందా?" అని ఆమె కేక వేసింది. "నా బస్సు పోతుంది."

"ఉండవే. ఇదేమన్నా కుళాయా, తిప్పగానే రావడానికి?"

"పాచిది కాదుగా?"

"నాకు పాఠాలు చెప్పకు. పొద్దున లేచాక మొదటిది పాచి, రెండోది పరీక్ష. మిల్లులో అందరికీ చెప్పేది నేనే."

రాత్రంతా మూత్రంలో నానిన కణాలు ఆకారం చెడిపోతాయి. అందుకే నిద్ర లేచాక మొదటిసారి పోసింది పనికిరాదు. ఆమె అతనికి నేర్పింది. అతను దాన్ని తన సొంత జ్ఞానంలా చెప్పుకుంటాడు.

మరిది టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "అన్నయ్యకు పరీక్షంటే చిన్నప్పట్నుంచీ భయమే వదినా. లెక్కల పరీక్ష రోజు కూడా ఇలాగే బాత్రూంలో దూరేవాడు."

"మరి ఆయన బదులు నువ్వు రాసొచ్చావా?"

"రాయలేదు గానీ, నాన్న చేతి దెబ్బలు మాత్రం నేనే తిన్నా."

తలుపు తెరుచుకుంది. భర్త సీసా తెచ్చి గట్టు మీద పెట్టాడు. మూత బిగించి ఉంది. పైన తడి లేకుండా తుడిచి ఉంది.

"ఏంటీ, ఇవాళ ఇంత శుభ్రం?"

"నీ అన్నం డబ్బా పక్కన పెడతావుగా, పోనీలే అని."

మరిది టీ తాగుతూ గోడవైపు తిరిగాడు. ఆమె సీసా మీద చీటీ అంటించి, తువ్వాలులో చుట్టి, సంచిలో పెట్టుకుని బయల్దేరింది.

ల్యాబులో ఆమె సీసాకు నంబరు వేసింది. సీసాలోది కొంత గొట్టంలోకి తీసి, గిర్రున తిప్పే యంత్రంలో పెట్టారు. కణాలు అడుగుకు దిగాయి. దిగిన దాన్ని గాజు పలక మీద పరిచి, రంగులు వేశారు. రంగులు వేసే ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు. అతని దగ్గర వరసగా చిన్న గాజు తొట్లు ఉంటాయి. స్లైడ్లను బుట్టలో పెట్టి ఒక తొట్టిలో ముంచి, తీసి, ఇంకో తొట్టిలో ముంచుతాడు. ఆమె భర్త మిల్లులో చేసే పనీ అదే. అక్కడ బట్ట, ఇక్కడ కణాలు.

ఇంట్లో వాళ్ళ స్లైడ్లు చూడకూడదనేది ఆ గదిలో నియమం. ఎక్కడా రాసి లేదు. పెద్ద డాక్టరు పెట్టింది. "సొంతవాళ్ళ స్లైడు చూసేటప్పుడు కన్ను పక్కకు తప్పుకుంటుంది. మనసొచ్చి ఆ కుర్చీలో కూర్చుంటుంది" అంటుంది ఆవిడ. భర్త స్లైడు ఎప్పుడూ ఆమెలాగే స్లైడ్లు వెతికే రెండో స్క్రీనరు చూస్తాడు. అతన్ని కళ్ళజోడు అంటారు. ఆ రోజు కళ్ళజోడు కొత్త కళ్ళజోడు కోసం సెలవు పెట్టాడని బాబాయ్ పొద్దున్నుంచీ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వుతున్నాడు.

ఆమె భర్త స్లైడును ట్రే చివరికి జరిపింది. మిగతావి చూడటం మొదలుపెట్టింది. ఒక ముసలాయనది, రాయి కేసు. ఒక ఆవిడది, ఇన్‌ఫెక్షను. ఎడమ నుంచి కుడికి, ఒక వరస కిందికి, మళ్ళీ కుడి నుంచి ఎడమకి. స్లైడు మీద ఖాళీ ఉన్నా సరే, ఆ ఖాళీని కూడా చూడాలి. మధ్యాహ్నానికి ట్రేలో ఒకటే మిగిలింది.

ఆమె దాన్ని తీసి పెట్టింది.

మొదటి వరసలోనే కనిపించాయి. మామూలు కణంలో కేంద్రకం గిన్నెలో గింజలా ఉంటుంది. వీటిలో గింజే గిన్నెను నింపేసింది. కేంద్రకాల అంచులు కొరికినట్టున్నాయి. రంగు నల్లగా పట్టింది. ఆమె చుక్క పెట్టింది. పక్కకు జరిపింది. ఇంకో చుక్క పెట్టింది. రెండో వరసలో గుంపుగా ఉన్నాయి. మూడో వరసలో పెన్ను మూత పెట్టేసింది. ఇన్ని ఉన్నప్పుడు చుక్కలు అక్కర్లేదు.

స్లైడును చివరి వరస దాకా చూసింది. తీసి ట్రేలో పెట్టింది. లేచి చేతులు కడుక్కుని, పక్క గదిలో అన్నం డబ్బా విప్పి తింది. డబ్బా కడిగింది. మూత ఎక్కడా కనిపించకపోతే కాసేపు వెతికింది. అది ఆమె చేతిలోనే ఉంది.

తరువాత ట్రే పట్టుకుని డాక్టరు గదికి వెళ్ళింది.

డాక్టరు నంబరు చూసి, ఆమె మొహం చూసింది. "నువ్వే చూశావా?"

"చూశాను మేడమ్."

"ఎందుకు చూశావమ్మా?"

"అదొక్కటే మిగిలింది."

డాక్టరు స్లైడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఆ గదిలో మైక్రోస్కోపుకు రెండు జతల కళ్ళుంటాయి. ఎదురెదురుగా కూర్చుని ఇద్దరు ఒకే స్లైడు చూడొచ్చు. ఆమె ఎదురు కుర్చీలో కూర్చుంది. డాక్టరు స్లైడు జరుపుతూ పోయింది.

"ఉంది" అంది.

"అవును మేడమ్."

"పాత స్లైడ్లు తీసుకురా."

క్యాన్సర్ ఉందని రాసేముందు అదే మనిషి పాత స్లైడ్లు తీసి పక్కన పెట్టి చూడటం ఆ ల్యాబు పద్ధతి. ఆమె బీరువాలోంచి భర్త స్లైడ్లు తెచ్చింది. డాక్టరు పోయినసారిది పెట్టింది. వాపు కణాలు గుంపులు గుంపులుగా కనిపించాయి. మందు ఎక్కించిన మూత్రాశయంలో అవి ఉంటాయి. మందు పని అదే. లోపల గోడను రెచ్చగొట్టడం. ఆ ముందుసారిదీ అంతే. డాక్టరు మళ్ళీ ఈ రోజు స్లైడు పెట్టింది.

"చివరి డోసు ఎప్పుడు ఎక్కించారు?"

"పోయిన నెల."

"మరి ఇందులో వాపు కణాలేవీ?"

ఆమె కంటిగొట్టానికి కన్ను ఆనించి చూసింది. క్యాన్సర్ కణాల చుట్టూ ఏమీ లేదు. కడిగిన గచ్చులా ఉంది. ఇందాక వరస వరసా చూసింది. ఇది మాత్రం చూడలేదు.

"ఇందాక నీకు కనపడలేదా ఇది?" అని అడిగింది డాక్టరు. తప్పు పట్టినట్టు అడగలేదు.

"లేదు మేడమ్. చెడ్డ కణాలొక్కటే కనపడ్డాయి."

"ముందు మన ఇల్లు చూసుకుందాం" అంది డాక్టరు. బాబాయ్‌ను పిలిచింది. ఒక్కోసారి ఒక స్లైడు మీంచి జారిన కణాలు రంగు తొట్టిలో తేలుతూ ఇంకో స్లైడుకు అంటుకుంటాయి. అలాంటప్పుడు లేని రోగం ఉన్నట్టు కనిపిస్తుంది.

బాబాయ్ గుమ్మంలోనే నిలబడ్డాడు. "నా తొట్లలోంచి చీమ కూడా దాటదు మేడమ్. పొద్దున్నే వడగట్టాను. మా ఆవిడ పెళ్ళినాటి గిన్నెలు కూడా ఇంత శుభ్రంగా కడగదు."

"ఆ బుట్టలో ఇంకెవరిదైనా చెడ్డది ఉందా?"

"ఆ సంగతి నాకేం తెలుస్తుంది? ఈ అమ్మాయినే అడగండి."

"లేదు" అంది ఆమె. "మిగతావన్నీ మామూలే."

సీసాలో మిగిలిన మూత్రంతో ఇంకో స్లైడు చేయమంది డాక్టరు. కొత్త తొట్లలో, ఆ స్లైడు ఒక్కటే. బాబాయ్ గొణుక్కుంటూ చేసుకొచ్చాడు. చెడ్డ కణాలున్నాయి. చుట్టూ కడిగిన గచ్చు. మొదటిదానికీ దీనికీ తేడా లేదు.

డాక్టరు మైక్రోస్కోపు దీపం ఆర్పేసింది. "ఇది మీ ఆయనది కాదు."

ఆమె తల ఊపింది.

"సీసా ఎవరెవరి చేతులు మారింది?"

"ఆయన చేతిలోంచి నా చేతికి. దారిలో ఎక్కడా దించలేదు."

"మరి ఆయన చేతికి ఎవరిచ్చారు?"

ఆమె పాత స్లైడ్లను వరసగా సర్దింది.

"నేను ఇవాళ రిపోర్టు రాయను" అంది డాక్టరు. "ఎవరి పేరు మీద రాయాలో తెలియాలిగా. రేపు మీ ఆయన్ని తీసుకురా. ఇక్కడే, మన బాత్రూంలోనే పోయాలి. ఆ రెండో మనిషిని కూడా తీసుకురా. మీ ఆయన సంగతి తరువాత. ఆ మనిషికి ఇంకా ఏమీ తెలియదు."

బస్సులో సీటు దొరికింది. ఆమె సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంట్లో ఉండేది ముగ్గురు. అందులో ఒకరు తను. సీసాలోది తనది కాదు. ఇంక లెక్క వేయడానికి ఏమీ లేదు. భర్త పొద్దున తమ్ముణ్ణి లేపడానికి మేడెక్కాడు. తమ్ముడు ఎప్పుడూ తనంతట తనే లేస్తాడు. ఈ రెండూ ఆమెకు పొద్దునే తెలుసు. పక్కపక్కన పెట్టి చూడలేదు.

ఇంకొకటి కూడా తెలుసు. పోయిన ఏడాది ఒక రోజు మరిది అన్నం తింటూ, "వదినా, ఈ వారం మనదీ ఎరుపే" అన్నాడు. ఆమె చెయ్యి ఆగింది. భర్త వైపు చూసింది. ఆ ఇంట్లో ఎరుపు అనే మాట ఊరికే పోదు. భర్త ఆలోచించి, "ఎరుపే నడుస్తోందే. నిజమే. తొట్టిలోకి బట్ట దించింది నేనే" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. నీలం నడిచేటప్పుడు ఎర్రగా పోస్తే రోగం. ఎరుపు నడిచేటప్పుడు ఎర్రగా పోస్తే మిల్లు. వాళ్ళకు తెలిసిన పరీక్ష అది. అన్నను అదే పట్టిచ్చింది. ఆ రోజు తమ్ముడికీ అదే చేశారు. పాసయ్యాడు.

తన స్టాపు దాటిపోయాక దిగింది. వెనక్కి నడిచింది.

భర్త ఇంట్లోనే ఉన్నాడు. పొద్దుటి షిఫ్టు చేసి వచ్చి ఉల్లిపాయలు తరుగుతున్నాడు. పరీక్ష రోజున అతను ఎప్పుడూ వంటగదిలోకి రాడు, బయట తిరుగుతుంటాడు. ఇవాళ కూనిరాగం కూడా తీస్తున్నాడు.

"ఏమన్నారు? బాగానే ఉందన్నారుగా?"

ఆమె సంచిలోంచి అన్నం డబ్బా తీసి కడగడం మొదలుపెట్టింది. అది ముందే కడిగి ఉంది.

"సీసాలో ఉన్నది ఎవరిది?" అంది.

కత్తి ఆగింది. కాసేపటికి అతను నవ్వాడు. "పట్టేశావా? అమ్మో. ఉచ్చ చూసి మొగుణ్ణి గుర్తుపట్టే పెళ్ళాం ఈ లోకంలో నువ్వొక్కదానివే."

"ఎవరిది?"

"ఎవరిదైతే ఏం? మీ మరిదిది. వాడే పోసిచ్చాడు. వాణ్ణేమీ అనకు, నేనే బతిమాలాను." కత్తి కింద పెట్టాడు. "మందు ఎక్కించినప్పట్నుంచీ మంట తగ్గలేదే. నీకు చెప్పలేదు. నాది పంపిస్తే ఏం తేలుతుందో నాకు తెలుసు. మూడు నెలలు ఆగుదామనుకున్నా. ఈ ఒక్క వాయిదా వాడు, పై వాయిదాకు నేను. షిఫ్టు మార్చుకున్నట్టే కదా."

ఆమె డబ్బాను బోర్లించింది.

"మీ డాక్టరమ్మ తిట్టిందా? ఉద్యోగానికేమైనా ఇబ్బందా? రేపు నేనొచ్చి చెప్తాలే. తప్పు నాదంటాను." దగ్గరికొచ్చాడు. "నాది కాదని ఎలా తెలిసింది? మరీ బాగుందనా?"

ఆమె తువ్వాలుకు చేతులు తుడుచుకుంది. ఒక్కో వేలే తుడుచుకుంది.

"ఎరుపు నడిచిన వారం గుర్తుందా?" అంది.

"ఏ వారం?"

"వాడు అన్నం తింటూ అన్నాడు. ఈ వారం మనదీ ఎరుపే అని."

అతను బల్ల మీద కూర్చున్నాడు. ఉల్లి తొక్కలు అతని కింద నలిగాయి.

"ఎరుపే నడిచింది" అన్నాడు. "నేనే దించాను తొట్టిలోకి."

"తెలుసు."

"నేనే చెప్పాను వాడికి, ఎరుపేనని."

"నేనూ ఉన్నాను."

పొయ్యి మీద నూనె కాగుతుంటే ఆమె వెళ్ళి మంట తగ్గించింది.

"ఎంత ఉంది?" అని అడిగాడు.

"స్లైడులో చాలా ఉంది. లోపల ఎంత ఉందో గొట్టం వేస్తే గానీ తెలియదు."

"ఇవాళ చెప్పకు. తిననీ. షిఫ్టు నుంచి వస్తాడు, ఆకలి మీద ఉంటాడు."

"రేపు పొద్దున్నే ఇద్దరూ రావాలన్నారు."

"అయితే తిన్నాక."

మరిది చీకటి పడే వేళకు వచ్చాడు. చెప్పులు విప్పుతూనే, "ఏంటి వదినా రిజల్టు? ఫస్టు క్లాసేనా?" అన్నాడు. చేతులు కడుక్కుని పళ్ళెం ముందు కూర్చున్నాడు. ఆమె వడ్డించింది. అతను అన్నను చూసి కన్ను కొట్టాడు. అన్న పళ్ళెంలోకి చూస్తున్నాడు.

"ఏంటన్నయ్యా, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నావు?"

"తినరా."

"తింటున్నా. ఉప్పు ఎక్కువైంది వదినా. ఇవాళ వంట అన్నయ్యదా?" రెండు ముద్దలు తిని మళ్ళీ అందుకున్నాడు. "ఇద్దరూ పరీక్ష తప్పినట్టు మొహాలు పెట్టారేంటి?"

భర్త ఆమె వైపు చూశాడు. తిన్నాక అన్నట్టు. ఆమె గరిటె గిన్నెలో పెట్టింది.

"తప్పింది" అంది.

మరిది నమలడం ఆపాడు. "అన్నయ్యేనా?"

"నువ్వు."

"నాకేం పరీక్ష? అది అన్నయ్యది కదా. నేను—" అని ఆగిపోయి, అన్న మొహం చూశాడు. "చెప్పేశావా?"

"ఆమే పట్టుకుంది."

"సరే, పట్టుకుంటే పట్టుకుంది. నేను పోసిచ్చా. అయితే ఏంటి?" అన్నాడు. ఆమె కళ్ళలోకి చూశాడు. తరువాత మాట నెమ్మదించింది. "నేను పోసిచ్చిందాంట్లో ఉందా?"

"ఉంది."

"అన్నయ్య బదులు నాకొచ్చిందా?"

"బదులేం లేదు. నీదే. ఎప్పట్నుంచో ఉండి ఉంటుంది."

"ఎప్పట్నుంచి?"

అతను పళ్ళెంలో వేలితో ఒక గీత గీశాడు. దాని పక్కన ఇంకోటి గీశాడు.

"ఎరుపు" అన్నాడు.

భర్త లేచి బయటికి వెళ్ళాడు. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. నీళ్ళు పోతూనే ఉన్నాయి. మరిది పళ్ళెంలో ఉన్నది మొత్తం తిన్నాడు. ఇంకొంచెం పెట్టమన్నాడు. ఆమె పెట్టింది. అదీ తిన్నాడు. తరువాత, "మంచికే అయిందిలే వదినా" అన్నాడు. "అన్నయ్య బతిమాలకపోతే నేనసలు ఏ సీసాలోనూ పోసేవాణ్ణి కాదు." అది నిజమే. ఆమెకు ఆ మాట తరువాత చాలాసార్లు గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం అతని పళ్ళెం తీసి తొట్టిలో వేసింది.

పొద్దున ముగ్గురూ ఒకే బస్సులో వెళ్ళారు. ల్యాబు బాత్రూం ముందు అన్నదమ్ములు వరసలో నిలబడ్డారు. బాబాయ్ చెరో సీసా ఇచ్చాడు. చేతికిచ్చేటప్పుడు ఎప్పుడూ వేసే జోకు వేయలేదు. ఆ రోజు రెండు స్లైడ్లూ కళ్ళజోడు చూశాడు. తరువాత డాక్టరు చూసింది. ఆమె పక్క గదిలో వేరేవాళ్ళ స్లైడ్లు చూస్తూ కూర్చుంది. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి.

భర్త స్లైడులో వాపు కణాలు తప్ప ఏమీ లేవు. మంట మందు వల్ల వచ్చిందేనని డాక్టరు చెప్పింది. బ్యాగు మాట ఇప్పుడప్పుడే లేదు. ఆ సంగతి వినగానే ఏదో ఒకటి అనిపిస్తుందని ఆమె కాసేపు ఆగి చూసింది. ఏమీ అనిపించలేదు. భర్తకు చెప్పింది. అతను, "నాది పంపించినా సరిపోయేదన్నమాట" అన్నాడు. కాసేపాగి, "పంపించి ఉంటే వాడిది తెలిసేది కాదు" అన్నాడు. ఆ రెండు మాటల్లో దేని దగ్గర ఆగాలో తెలియక అక్కడే నిలబడ్డాడు.

మరిది స్లైడులో ముందురోజు చూసినవే ఉన్నాయి. రిపోర్టు ఈసారి అతని పేరు మీద వచ్చింది. పేరు పిలిస్తే అతను వెంటనే లేవలేదు. బదిలీ అని పిలవడం అలవాటైపోయింది.

ఆపరేషను రోజున అతని బదులు అన్న షిఫ్టుకు వెళ్ళాడు. వెళ్ళొద్దని ఆమె అంది. "ఎవరో ఒకరు చెయ్యాలిగా" అన్నాడు. మరిదిని లోపలికి తీసుకెళ్ళినప్పుడు నడవాలో ఆమె ఒక్కతే ఉంది. సర్జను బయటికొచ్చి, గడ్డ పెద్దదనీ, కనిపించినంతవరకూ గీకేశాననీ, కండలోకి దిగిందో లేదో ముక్క పరీక్షలో తెలుస్తుందనీ చెప్పాడు. దిగి ఉంటే మూత్రాశయం తీసేయాలి. ముక్క పరీక్ష చేసే గది ఆమె గదికి పక్కదే. ఆమె పనిచేసేది అందులో కాదు.

సాయంత్రం మరిది మంచం మీద పడుకుని ఉన్నాడు. మూత్రం గొట్టం దుప్పటి కిందనుంచి వచ్చి, మంచం అంచుకు తగిలించిన సంచిలోకి దిగుతోంది. సంచిలోది ఎర్రగా ఉంది. రెండు రోజులు అలాగే ఉంటుందని నర్సు చెప్పి వెళ్ళింది.

భర్త మిల్లు నుంచి నేరుగా వచ్చాడు. చేతులు సరిగ్గా కడుక్కోలేదు. మంచం పక్కన నిలబడ్డాడు. దుప్పటి అంచు సర్దాడు.

మరిది సంచి వైపు తల తిప్పి చూశాడు.

"మిల్లులో ఏం నడుస్తోంది అన్నయ్యా?"

భర్త చేతులు వెనక్కి పెట్టుకోబోయి ఆగాడు. ముందుకు చాపి చూపించాడు. గోళ్ళ దాకా రంగు పట్టి ఉంది.

"పచ్చ" అన్నాడు.

"అయితే ఇది నాదే" అన్నాడు మరిది.

ఎవరూ నవ్వలేదు. ఆమె వంగి, సంచి ఎంత నిండిందో చూసి, నర్సును పిలవడానికి లేచింది.